బెంజమిన్ ఫ్రాంక్లిన్ - జమాఖర్చు నెఱిగిన ముద్రాపకుడు

ఆకాశమున మెఱయు మెఱుపు విద్యుచ్ఛక్తియే యని లోకమునకు తెలిపిన శాస్త్రజ్ఞుడుగా, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసిన రాజనీతిజ్ఞుడుగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు ఖండఖండాంతరముల వ్యాపించినది. అయినను, వార్ధక్యమున తన మరణశాసనమును వ్రాయునపుడు అతడు తన పేరు ప్రక్కన మొట్టమొదట చేర్చుకొన్న మాట ముద్రాపకుడు అనునదియే. రాయబారి మొదలగు గొప్ప పదవులన్నియు దాని వెనుకనే చోటు చేసికొన్నవి. ఆ ముద్రాపకుడు అప్పుతో అంగడి తెఱచి, న్యాయస్థానపు వాకిలి వఱకు పోయి, తుదకు ఋణవిముక్తుడై నిలిచిన కథ అతని తక్కిన విజయములకెల్ల పునాది వంటిది.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న ఉత్తర అమెరికాలోని బోస్టను నగరమున జన్మించెను. ఆ కాలమున ఆ ప్రాంతము ఇంగ్లండు ఏలుబడిలోని వలసరాజ్యము. తండ్రి జోసయా కొవ్వువత్తులును సబ్బును తయారుచేసి అమ్ముకొని జీవించు సామాన్యుడు. ఆయనకు 17 మంది సంతానము. కుమారులలో బెంజమిన్ కడపటివాడు. ఎనిమిదవ యేట బడిలో చేరిన ఆ బాలుని చదువు రెండేండ్లకే ముగిసెను. వ్రాత చక్కగా అబ్బెను గాని, గణితము మాత్రము అతనికి కొఱుకుడు పడలేదు. పదవ యేట తండ్రి దుకాణమున వత్తులు కత్తిరించుటకు కూర్చుండెను. పండ్రెండవ యేట అన్నయగు జేమ్సు అచ్చుకూటమున పని నేర్చుకొనుటకు కుదిరెను.

జేమ్సు తన పనివారికి ఒక యింట డబ్బిచ్చి భోజన మేర్పఱచి యుండెను. ఇంచుమించు పదునాఱవ యేట ఫ్రాంక్లిన్ మాంసాహారము మానెను. తన భోజనమునకగు వారపు సొమ్ములో సగము తన చేతికిచ్చినచో తన తిండి తానే చూచుకొందునని అన్నకు తెలిపెను. అన్న వెంటనే యొప్పుకొనెను. బాలుడు ఉడికించిన బంగాళాదుంపలు, అన్నము, రొట్టెముక్క, గుప్పెడు ఎండుద్రాక్షలతో కాలము గడపుచు, చేతికి వచ్చిన ఆ సగములో మఱల సగము మిగిల్చెను. ఆ మిగులుతో పుస్తకములు కొనెను. తక్కినవారు భోజనమునకు పోయిన సమయమున అచ్చుకూటమున ఒంటరిగా కూర్చుండి చదివెను. బడిలో రెండుమార్లు తనను ఓడించిన గణితమును ఆ కాలముననే స్వయముగా సాధించెను. సొమ్ము చేతికి రాకముందే దాని నెట్లు పంచుకొనవలెనో నిర్ణయించుట అతని కిదియే మొదటిసారి.

అన్నదమ్ములకు పొసగలేదు. 1723లో పదునేడేండ్ల ఫ్రాంక్లిన్ ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా నగరము చేరెను. అప్పుడతని చేత నున్నది ఒక డచ్చి డాలరును, ఇంచుమించు ఒక షిల్లింగు విలువగల రాగినాణెములును మాత్రమే. ఆ రాగినాణెములను పడవవారికిచ్చి, మూడు పెన్నీలతో రొట్టెలు కొని ఆకలి తీర్చుకొనెను. పిమ్మట శామ్యూల్ కీమర్ అను ముద్రాపకుని యొద్ద పనికి కుదిరెను.

పొదుపు తెలిసిన యా యువకుడు కూడ మఱుసటి యేట రెండు గొప్ప పొరపాట్లు చేసెను. వెర్నన్ అను నొకడు పెన్సిల్వేనియాలో తనకు రావలసిన 35 పౌనులను వసూలు చేసి, తాను తెలుపువఱకు దాచి యుంచుమని అతనిని కోరెను. ఫ్రాంక్లిన్ వసూలు చేసెను గాని, త్రాగుడునకు లోనైన తన మిత్రుడొకడు అడిగినప్పుడెల్ల ఆ సొమ్ములోనుండి బదులిచ్చుచు వచ్చెను. ఆ బదులు తిరిగి రాలేదు. పరుల సొమ్మును తన సొమ్ముతో కలిపిన తప్పిదము అతనిని అనేక సంవత్సరములు వెంటాడెను.

రెండవది పెద్దవారి మాటను పెట్టుబడిగా నెంచుట. ఆ రాష్ట్రపు గవర్నరగు విలియం కీత్ అతని నేర్పును మెచ్చి, సొంత అచ్చుకూటము పెట్టించెదనని ఆశ చూపెను. ఫ్రాంక్లిన్ ఒక అచ్చుకూటమునకు కావలసిన వస్తువులన్నిటికి జాబితా వ్రాసి, సుమారు 100 పౌనులగునని తేల్చెను. గవర్నరిచ్చు హామీపత్రములు ఓడలో వెంట వచ్చునని నమ్మి 1724లో లండను పయనమయ్యెను. ఓడ రేవు చేరిన పిమ్మట చూడగా ఆ పత్రములు లేనే లేవు. జాబితాలో వ్యయము చక్కగా వ్రాయబడి యుండెను. ఆదాయమున్న చోట ఒకరి మాట తప్ప మఱేమియు లేకుండెను.

తెలియని మహానగరమున అతడు మఱల కూలికి అచ్చుపని చేసెను. అక్కడి పనివారు రోజంతయు బీరు త్రాగుచుండిరి. అతనితో కలిసి పనిచేయు నొకడు దినమునకు ఆఱు పైంట్లు త్రాగి, శనివారము రాత్రి కూలిలోనుండి నాలుగైదు షిల్లింగులు ఆ బాకీకే చెల్లించుచుండెను. ఫ్రాంక్లిన్ మంచినీళ్ళే త్రాగెను. అయినను ఇతరులు రెండు చేతులతో ఒక్కొక్కటిగా మోయు అక్షరపు ఫారములను అతడు చేతికొకటి చొప్పున మోసికొని మెట్లెక్కుచుండెను. కాని ఇక్కడను అతడు మిగిల్చిన దేమియు లేదు. మిత్రుడొకడు 27 పౌనులు అప్పు తీసికొని తిరిగి ఇవ్వలేదు. వ్యయము తగ్గించుట ఒక్కటియే చాలదనియు, మిగిలినది ఎచ్చటికి పోవుచున్నదో గూడ చూచుకొనవలె ననియు ఆ పదునెనిమిది నెలలు అతనికి నేర్పెను.

ఈ స్థితిలో అతనికి తోడు నిలిచినవాడు థామస్ డెనమ్ అను వర్తకుడు. డెనమ్ పూర్వము బ్రిస్టలు నగరమున వ్యాపారము చెడి, ఋణదాతలకు కొంత కొంత చెల్లించి రాజీపడి అమెరికా చేరెను. అక్కడ కష్టపడి ధనము గడించి, తిరిగి ఇంగ్లండు వచ్చినపుడు ఆ ఋణదాతలను విందునకు పిలిచెను. భోజనపాత్రల నెత్తి చూడగా, ఒక్కొక్క దాని క్రింద మిగిలిన బాకీ అంతయు వడ్డీతో సహా చెల్లించు హుండీ యుండెను! అట్టివాని వెంట ఫ్రాంక్లిన్ 1726లో ఫిలడెల్ఫియాకు మరలెను. ఓడలోనే తన మున్ముందు నడవడిని గుఱించి ఒక ప్రణాళిక వ్రాసికొనెను. అప్పులు తీరువఱకు మిక్కిలి పొదుపుగా బ్రతుకుట దానిలో మొదటి నియమము. డెనమ్ అంగడిలో అతడు వర్తకమును, లెక్కలు వ్రాయు పద్ధతిని నేర్చెను. కాని డెనమ్ అనతికాలముననే వ్యాధిగ్రస్తుడై మరణించెను. ఫ్రాంక్లిన్ మఱల కీమర్ పంచను చేరవలసి వచ్చెను.

1728లో ఫ్రాంక్లిన్, తోటి పనివాడైన హ్యూ మెరిడిత్ కలిసి సొంతముగా అచ్చుకూటము తెఱచిరి. పెట్టుబడి మెరిడిత్ తండ్రిది, పనితనము ఫ్రాంక్లిన్‌ది. లండను నుండి యంత్రమును, అక్షరములును వచ్చెను. అంగడివీథికి చేరువ నొక యిల్లు ఏటికి 24 పౌనుల అద్దెకు తీసికొనిరి. పౌనునకు 20 షిల్లింగులు కాన, నెలకు 40 షిల్లింగులు అద్దెయగును. ఆ బరువు తాము మోయలేమని గ్రహించి, అద్దాలు బిగించు వృత్తిగల థామస్ గాడ్‌ఫ్రే కుటుంబమును అదే యింట చేర్చుకొనిరి. అతడు అద్దెలో పెద్దభాగ మిచ్చుటయే కాక, వీరికి భోజనము గూడ ఏర్పఱచెను. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడైనట్లు, తలుపులు తెఱువకముందే తఱుగని వ్యయ మొకటి చాలవఱకు తగ్గెను.

యంత్రము బిగించునప్పటికి చేతిలోని రొక్కమంతయు అయిపోయెను. అప్పుడే పల్లెటూరి మనుష్యు డొకడు పనికి వచ్చి ఐదు షిల్లింగులిచ్చెను. ఆ మొదటి సంపాదన ఇచ్చిన సంతోషము తరువాత ఎంత ధనమును ఇవ్వలేదట. అయినను లెక్క చూచినచో, అట్టి గిరాకీలు ఎనిమిది వచ్చిన గాని ఒక నెల అద్దె తీరదు. కాగితము, సిరా, దీపపు వత్తులు, తిండి - ఇవి వేఱు. చిన్న వర్తకుని కష్టమంతయు ఇందే యున్నది. వ్యయము తేదీ తప్పక వచ్చును; ఆదాయము తన యిష్టము వచ్చినప్పుడు వచ్చును. ఆ రెంటి నడుమ నున్న ఎడమును ముందుగా చూచుకొని సొమ్ము నిలువ చేసికొన్నవాడు నిలుచును. చూచుకొననివాడు పనితనము గలవాడయ్యు కూలిపోవును.

ఫ్రాంక్లిన్ రాత్రియని పగలని లేక శ్రమించెను. క్వేకరు మతస్థుల చరిత్ర గ్రంథములో 40 ఫారముల పని తక్కువ ధరకు లభింపగా, దినమున కొక ఫారము తప్పక కూర్చెదనని పట్టుపట్టెను. ఒకనాటి రాత్రి పని ముగియునప్పటికి ఒక ఫారము చెదరి రెండు పుటల అక్షరములు కలగాపులగమయ్యెను. అతడు వాని నప్పుడే విడదీసి, తిరిగి కూర్చిన పిమ్మటనే నిద్రించెను. రాత్రి ప్రొద్దుపోవు వఱకు ఆ కిటికీలో వెలుగు చూచిన పెద్దలకు అతనిపై నమ్మకము కుదిరెను. 1729లో కీమర్ నడపలేక విడిచిన వార్తాపత్రికను కొని, పెన్సిల్వేనియా గెజెట్ అను పేర నడపసాగెను.

ఇంతలో పిడుగు వంటి వార్త వచ్చెను. యంత్రమునకును అక్షరములకును మెరిడిత్ తండ్రి 200 పౌను లీయవలసి యుండగా, 100 మాత్రమే చెల్లించెను. తక్కిన నూఱు పౌనులకై వర్తకుడు ఓర్పు నశించి, అందఱిపై దావా వేసెను. గడువులోపల సొమ్ము కట్టనిచో తీర్పు వచ్చును, జప్తు జరుగును, యంత్రమును అక్షరములును సగము ధరకు వేలములో పోవును. మెరిడిత్ పనికిరాని కూర్పరి. పైగా వీథులలో త్రాగి తిరుగుచుండెను. ఫ్రాంక్లిన్ చేసిన శ్రమయంతయు బూడిదలో పోసిన పన్నీరయ్యెడి కాలము వచ్చెను.

అట్టి సమయమున విలియం కోల్మన్, రాబర్ట్ గ్రేస్ అను ఇరువురు మిత్రులు, ఒకరికి తెలియకుండ ఒకరు వచ్చి, అడుగకయే కావలసిన సొమ్మంతయు ఇచ్చెదమనిరి. మెరిడిత్‌ను మాత్రము విడువవలె ననిరి. ఫ్రాంక్లిన్ తొందరపడలేదు. మెరిడిత్ కుటుంబము తమ మాట నిలువబెట్టుకొను ఆశ యున్నంతవఱకు తాను విడిపోవుమని యడుగుట ధర్మము కాదనెను. తుదకు మెరిడిత్ తానే, ఈ పని తనకు తగినది కాదని గ్రహించి, వ్యవసాయము చేసికొనుటకు నార్త్ కెరొలైనాకు పోవ నిశ్చయించెను. తండ్రి యిచ్చిన 100 పౌనులు తిరిగి యిచ్చుట, వర్తకుని బాకీ తీర్చుట, తన చిల్లర అప్పులు తీర్చుట, తనకు 30 పౌనులును ఒక క్రొత్త గుఱ్ఱపు జీనును ఇచ్చుట - ఇవి అతడు కోరిన షరతులు. ఫ్రాంక్లిన్ అంగీకరించెను. మిత్రులలో ఎవరి మనస్సును నొవ్వకుండ ఇరువురి నుండి చెఱి సగము తీసికొని, 1730లో అచ్చుకూటమును తన యొక్కని పేర నడపసాగెను.

ఇపుడు అంగడి అతనిదే, అప్పును అతనిదే. చిల్లర బాకీలును జీను వెలయును విడిచినను 230 పౌనులు, అనగా 4600 షిల్లింగులు. మొదటి గిరాకీ వంటివి 920 వచ్చిన గాని, ఒక్క కాసు తినకున్నను, తీరని ఋణము! అతడు దానికి భయపడి కూర్చుండలేదు. వ్యయమును అదుపులో నుంచి, ఆదాయమునకు క్రొత్త దారులు వెదకెను. అచ్చుకూటమునకు తోడుగా కాగితములు, దస్తావేజుల నమూనా పత్రములు అమ్ము చిన్న దుకాణము పెట్టెను. ఆ పత్రములు తప్పులు లేకుండ నుండుటచే జను లతని యొద్దకే వచ్చిరి. సాదా బట్టలు ధరించెను. వినోదముల కేగుట మానెను. కొన్న కాగితమును తానే తోపుడుబండిపై నుంచుకొని నడివీథిలో నెట్టుకొని వచ్చెను. ఈ శ్రద్ధను చూచిన వర్తకులు అతనికి సరుకులు అరువిచ్చుటకు తామే ముందుకు వచ్చిరి. ఋణము క్రమక్రమముగా తీరెను. వెర్నన్ సొమ్ము కూడ, అతడు గుర్తు చేయగా మఱికొంత గడువు వేడి, శక్తి కలిగిన వెంటనే వడ్డీతో సహా చెల్లించెను.

అదే నగరమున అదే వృత్తిలో నున్న డేవిడ్ హారీ కథ వేఱు. అతడు కీమర్ శిష్యుడు. అప్పులపాలైన కీమర్ అచ్చుకూటము నమ్మి బార్బడోసు ద్వీపమునకు పోగా, హారీ దానిని కొనెను. పలుకుబడిగల బంధువులుండుటచే ఫ్రాంక్లిన్ అతనికి వెఱచి, భాగస్వామ్యము కోరగా హారీ తిరస్కరించెను. కాని అతడు దొరబిడ్డవలె దుస్తులు ధరించి, అప్పు చేసి పప్పుకూడు తినుచు, పనిని నిర్లక్ష్యము చేసెను. పని వానిని విడిచిపోయెను. కొలదికాలమునకే అతడును గురువు వెంట బార్బడోసుకు చేరి, అక్కడను అప్పులపాలై అక్షరములమ్ముకొని, మఱల పెన్సిల్వేనియాకు వచ్చి పొలము పనికి పోయెను. పనితనము ఇరువురికిని కలదు, భేదము జమాఖర్చులోనే.

1730లో ఫ్రాంక్లిన్ డెబొరా రీడ్‌ను జీవితభాగస్వామినిగా స్వీకరించెను. ఆమె పుస్తకములు కుట్టుట, దుకాణము చూచుట, కాగితపు పరిశ్రమ కొఱకు పాతగుడ్డలు కొనుట మొదలగు పనులలో అతనికి కుడిభుజమయ్యెను. అతడు రెండు పెన్నీల మట్టిముంతలో పాలును రొట్టెయును తగరపు చెంచాతో తినువాడు. ఒకనాటి ఉదయమున పింగాణీ గిన్నెయు వెండి చెంచాయు ముందు నిలిచెను. ఇరుగుపొరుగు వారికంటె తన భర్త తక్కువ కారాదని డెబొరా అతనికి చెప్పకయే 23 షిల్లింగులకు వానిని కొనెను. అది సగము నెల అద్దెకంటె ఎక్కువ! ఆ యింట వెండి పింగాణీలు తొలిసారి అట్లు ప్రవేశించినవి. పిమ్మట సంపదతోబాటు అవి వందల పౌనుల విలువకు పెరిగినవి. ఎంత కట్టుదిట్టమైన లెక్కలోనైనను ఇంటివారి ముచ్చటకు కొంత చోటు కావలెనని ఆ గిన్నె తెలుపుచున్నది.

1732 చివర ఫ్రాంక్లిన్ ప్రకటింప నారంభించిన పేద రిచర్డు పంచాంగము ఏటేట పదివేల ప్రతుల వఱకు అమ్ముడుపోయెను. అతడు తన పనివారిలో యోగ్యులైనవారికి పెట్టుబడి పెట్టి ఇతర నగరములకు పంపెను. వ్యయమున మూడవవంతు తాను భరించి, లాభమున మూడవవంతు తాను తీసికొనుట ఒప్పందము. అట్లు సౌత్ కెరొలైనాకు పోయిన లూయీ తిమొతీ విద్యావంతుడు, సత్యవంతుడు. కాని లెక్కలు తెలియనివాడు. అప్పుడప్పుడు సొమ్ము పంపెను గాని, అతడు జీవించి యున్నంతకాలము లాభమెంతయో నష్టమెంతయో ఫ్రాంక్లిన్‌కు తెలియలేదు. 1738లో అతడు మరణింపగా, పసిబిడ్డలతో మిగిలిన భార్య ఎలిజబెత్ అచ్చుకూటపు భారము వహించెను. ఆమె హాలెండు దేశమున పెరిగినది. అక్కడ బాలికలకు గూడ లెక్కలు వ్రాయుట నేర్పుచుండిరి. ఆమె దొరికినంతవఱకు పాతలెక్కలను తేటపఱచి పంపెను. అటుపై మూడు నెలల కొకసారి తప్పక, పొల్లుపోని లెక్క పంపుచు వచ్చెను. బిడ్డలను గౌరవముగా పెంచి, ఒప్పందపు గడువు తీరగనే అచ్చుకూటమును తానే కొని కుమారునికి అప్పగించెను. బాలికలకు సంగీతనాట్యములకంటె లెక్కల చదువు ఎక్కువ మేలు చేయునని ఫ్రాంక్లిన్ అటుపిమ్మట దృఢముగా విశ్వసించెను.

లెక్క యెఱుగుట యనగా పిసినితనము కాదు. 1753లో అతడు వలసరాజ్యముల తపాలాశాఖకు ఇరువురు అధిపతులలో నొకడుగా నియమింపబడెను. శాఖ బాగుపడుటకు తొలుత వ్యయము తప్పదని గ్రహించి, అవసరమైన మార్పులన్నియు చేసెను. మొదటి నాలుగేండ్లలో శాఖ ఆ యిరువురికి 900 పౌనులకు పైగా బాకీ పడెను. పిమ్మట ఆ బాకీ తీరి, శాఖ లాభములు గడించెను. విత్తనపు వ్యయమును, వినోదపు వ్యయమును వేఱుగా చూడగలుగుటయే, నేడు బడ్జెటు అని వ్యవహరింపబడు ఆదాయవ్యయ పట్టిక యొక్క సారము.

1748లో, 42వ యేట, అచ్చుకూటపు పనిని భాగస్వామియగు డేవిడ్ హాల్‌కు అప్పగించి ఫ్రాంక్లిన్ విశ్రాంతి గొనెను. ఒప్పందము మేరకు 18 ఏండ్లు లాభములో భాగము వచ్చుచుండగా, అతడు తన కాలమును శాస్త్రమునకును దేశసేవకును ధారపోసెను. అతని జీవితమున మచ్చ లేకపోలేదు. అతని యింట బానిసలుండిరి. అతని పత్రిక బానిసల అమ్మకపు ప్రకటనలు వేసి సొమ్ము గడించెను. ఆదాయమెంతయని అడిగినంతనే చాలదు, అది ఎట్టిదని గూడ అడుగవలెను. వార్ధక్యమున అతడు 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడై, 1790లో ఆ దురాచారమును మాన్పుమని కాంగ్రెసును అర్థించెను.

1790 ఏప్రిల్ 17న ఫ్రాంక్లిన్ కన్నుమూసెను. తనను నిలబెట్టినది ఇరువురు మిత్రుల అప్పు అను సంగతి అతడు మఱువలేదు. బోస్టను, ఫిలడెల్ఫియా నగరములకు వేయి పౌనుల చొప్పున విడిచి, ఆ సొమ్మును 25 ఏండ్లలోపు వివాహితులైన యువ వృత్తిపనివారికి నూటికి ఐదు వడ్డీపై అప్పుగా ఇయ్యవలెనని శాసించెను. ఇరువురు పూచీ నిలువవలెను. అసలులో పదవవంతును ఏటేట వడ్డీతో తీర్చవలెను. తీరిన సొమ్ము మఱియొకనికి పెట్టుబడియగును. ఇట్లు రెండువందల ఏండ్లు నడుపుమని అతడు లెక్క వేసి వ్రాసెను. 1990లో ఆ గడువు ముగియునప్పటికి ఆ నిధులు లక్షలాది డాలర్లయ్యెను.

పదునాఱేండ్ల వయస్సున భోజనపు సొమ్ములో సగము మిగిల్చిన బాలుడు, తాను లేని కాలమునకు గూడ జమాఖర్చు వ్రాసి పోయెను. అతని పేరు ప్రక్కన నిలిచిన ముద్రాపకుడు అను మాటకు ఆ లెక్కయే తగిన వ్యాఖ్యానము.